ఇంట్లో చేసిన ఇద్దరాటగాళ్ల ఆర్కేడ్ పెట్టె: కంప్యూటరుకు కలిపాక కొన్ని బటన్లు పట్టడం లేదు

ప్రశ్న అడిగినవారు: గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. మా పిల్లల వేసవి సెలవుల కోసం ప్లైవుడ్డుతో ఒక ఆర్కేడ్ కంట్రోల్ పెట్టె తయారు చేశాను. మా చిన్నతనంలో బస్టాండు దగ్గర వీడియో గేముల దుకాణంలో, నిలబడి ఆడే పెద్ద పెట్టెల ముందు ఎన్నో సాయంత్రాలు గడిపాను. ఇద్దరు పక్కపక్కనే నిలబడి ఆడే ఆ ఆనందం పిల్లలకు కూడా తెలియాలని ఈ పనికి పూనుకున్నాను.

ఒక్కో ఆటగాడికి ఒక జాయ్‌స్టిక్, ఆరు బటన్లు, ఒక స్టార్ట్ బటన్, ఒక కాయిన్ బటన్ ఉన్నాయి. జాయ్‌స్టిక్‌లో నాలుగు దిక్కులకు నాలుగు మైక్రోస్విచ్‌లు ఉంటాయి కాబట్టి ఒక్కొక్కరికి 12 స్విచ్‌లు, మొత్తం 24 అయ్యాయి. వీటిని కంప్యూటరుకు కలపడానికి ఒక పాత యూఎస్‌బీ కీబోర్డును విప్పి, అందులోని చిన్న సర్క్యూట్ బోర్డుకు వైర్లు సోల్డరు చేశాను. గేములను మేమ్‌లో, అంటే పాత ఆర్కేడ్ గేములను కంప్యూటరులో ఆడించే ప్రోగ్రామ్‌లో నడుపుతున్నాను.

ఒక్కరే ఆడితే ఏ ఇబ్బందీ లేదు. ఇద్దరూ కలిసి ఆడినప్పుడు మాత్రం, ఒకరు జాయ్‌స్టిక్‌ను మూలకు తోసి బటన్ నొక్కి ఉంచితే, రెండోవారు నొక్కిన బటన్ ఒక్కోసారి అసలు పట్టడం లేదు. స్విచ్‌లన్నిటినీ మల్టీమీటరుతో పరీక్షించాను, అన్నీ బాగానే ఉన్నాయి. ప్రతి స్విచ్‌కూ ఒక డయోడ్ (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే చిన్న భాగం) పెడితే సరిపోతుందని ఒక మిత్రుడు చెప్పారు. 24 డయోడ్లు సోల్డరు చేయడానికి నేను సిద్ధమే కానీ, అది నిజంగా పనిచేస్తుందో లేదో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: మైక్రోస్విచ్

గోదావరి గట్టు గారూ, లోపం మీ స్విచ్‌లలో లేదు, సోల్డరింగులోనూ లేదు. అది కీబోర్డు నిర్మాణంలోనే ఉంది.

కీబోర్డులో నూరుకు పైగా మీటలుంటాయి, అన్నిటికీ విడివిడిగా ఒక్కో వైరు పెట్టడం ఖర్చుతో కూడిన పని కనుక, వాటిని అడ్డువరుసలుగా, నిలువువరుసలుగా గళ్ల మాదిరి అల్లుతారు. ప్రతి మీట ఒక అడ్డు గీతను, ఒక నిలువు గీతను కలుపుతుంది. ఆ గళ్లలో ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో ఉన్న మీటలను ఒకేసారి నొక్కితే, కరెంటు వాటి గుండా చుట్టూ తిరిగి వచ్చి, నొక్కని నాలుగో మూల కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. ఆ అబద్ధపు మీటను కంప్యూటరుకు పంపకుండా ఉండేందుకు, చాలా కీబోర్డుల చిప్పు అలాంటి సందర్భంలో చివరగా నొక్కిన మీటను పక్కన పెట్టేస్తుంది. మీ పిల్లల్లో రెండోవారి బటన్ పట్టకపోవడానికి కారణం ఇదే.

డయోడ్ల విషయంలో మీ మిత్రుడు చెప్పిన సూత్రం సరైనదే. 1ఎన్4148 వంటి డయోడ్ పెడితే కరెంటు వెనక్కి పారదు. అయితే అది మనమే ప్రోగ్రామ్ రాసుకున్న బోర్డుకు పనికొస్తుంది గాని, విప్పిన కీబోర్డుకు పనికిరాదు. మీరు డయోడ్లు పెట్టిన సంగతి ఆ చిప్పుకు తెలియదు. మూడు మూలలు నొక్కినట్టు కనబడగానే అది తన అలవాటు ప్రకారం మీటను ఆపేస్తూనే ఉంటుంది. దయచేసి ఆ శ్రమ పెట్టుకోకండి.

దీనికి తోడు మరో పరిమితి ఉంది. సాధారణ యూఎస్‌బీ కీబోర్డు కంప్యూటరుకు పంపే సమాచారం ఎనిమిది బైట్లు. అందులో ఒకటి కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ వంటి మీటలకు, ఒకటి ఖాళీ, మిగిలిన ఆరు బైట్లు ఆరు మామూలు మీటలకు. ఇద్దరాటగాళ్లూ జాయ్‌స్టిక్‌ను మూలకు తోసి చెరి రెండు బటన్లు నొక్కితేనే ఎనిమిది మీటలవుతాయి. అందువల్ల గళ్ల అమరిక లేకుండా, ప్రతి స్విచ్‌కూ సొంత పిన్ను ఉండే బోర్డుకు మారడమే నా దృష్టిలో సరైన మార్గం. బజారులో ‘జీరో డిలే’ పేరుతో దొరికే చవక యూఎస్‌బీ ఎన్‌కోడరు బోర్డులు (స్విచ్ నొక్కుళ్లను కంప్యూటరుకు చేరవేసేవి) రెండు తీసుకుంటే, ఒక్కో ఆటగాడికి ఒకటి సరిపోతుంది. సోల్డరింగు అవసరం కూడా ఉండదు.

సమాధానం: కోఠి టెక్నీషియన్

మైక్రోస్విచ్ గారి వివరణతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. చివరి సలహా విషయంలో మాత్రం నా అనుభవం వేరు. ఒకే రకం ఎన్‌కోడరు బోర్డులు రెండు పెడితే కంప్యూటరుకు అవి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏది మొదటిది, ఏది రెండోది అనేది కంప్యూటరును మళ్లీ ఆన్ చేసినప్పుడు తారుమారయ్యే అవకాశం ఉంది. నేను ఒక బంధువు ఇంటికి చేసిచ్చిన పెట్టెలో ఎడమవైపు జాయ్‌స్టిక్ ఒకరోజు మొదటి ఆటగాడిగా, మరోరోజు రెండో ఆటగాడిగా పనిచేసింది. మేమ్‌లో కంట్రోలర్ ఫైలు రాసి ఏ పరికరం ఎవరిదో నిర్దేశించవచ్చు, కానీ పిల్లలు ఆడే పెట్టెకు ఆ తలనొప్పి ఎందుకు?

రెండు ఆర్డుయినో ప్రో మైక్రో బోర్డులు (మనమే ప్రోగ్రామ్ రాసి ఎక్కించుకునే చిన్న బోర్డులు) తీసుకోండి. హైదరాబాదులో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి. వాటిలోని ఏటీమెగా32యూ4 చిప్పు స్వయంగా యూఎస్‌బీ కీబోర్డులా నటించగలదు. ఆర్డుయినో ఊనో ఆర్3 కొనకండి, దాని ప్రధాన చిప్పుకు ఆ సామర్థ్యం లేదు. ప్రో మైక్రోలో 18 పిన్నులు వాడుకోవచ్చు, మీకు ఒక్కో బోర్డుకు 12 చాలు. ఎడమ బోర్డు మొదటి ఆటగాడి అక్షరాలను, కుడి బోర్డు రెండో ఆటగాడి అక్షరాలను పంపేలా ప్రోగ్రామ్ రాస్తే, ఏ బోర్డును ఏ పోర్టుకు పెట్టినా, ఏ వరుసలో పెట్టినా తారుమారు కావు. పైగా అవి రెండు వేర్వేరు కీబోర్డులు కనుక ఆరు మీటల పరిమితి దేనికదే.

వైరింగు విషయంలో మూడు నాలుగు సంగతులు చెప్పాలి. మైక్రోస్విచ్‌కు మూడు కాళ్లుంటే, కామన్ అని రాసి ఉన్నదాన్ని గ్రౌండుకు, ఎన్ఓ (మామూలుగా తెరిచి ఉండేది) అని ఉన్నదాన్ని బోర్డు పిన్నుకు కలపండి. పొరపాటున ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) కాలుకు కలిపితే, ఎవరూ ముట్టుకోకపోయినా ఆ బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది. ప్రోగ్రామ్‌లో పిన్నులను లోపలి పుల్-అప్‌తో (నొక్కనప్పుడు పిన్నును హైగా ఉంచే, చిప్పులోనే ఉన్న రెసిస్టరుతో) తెరిస్తే వేరే రెసిస్టర్లు అక్కరలేదు. నొక్కనప్పుడు పిన్ను హై అని, నొక్కినప్పుడు లో అని చదువుతుందన్న సంగతి గుర్తుంచుకోండి. జాయ్‌స్టిక్‌ను పైకి తోసినప్పుడు కడ్డీ కింది కొన ఎదురు దిక్కుకు కదులుతుంది కాబట్టి, నాలుగు స్విచ్‌లు విడివిడిగా ఉన్న జాయ్‌స్టిక్‌లో నొక్కుకునేది కిందివైపు స్విచ్. ఈ తిరకాసు తెలియక చాలామంది పైనా కిందా తారుమారు చేస్తారు.

స్విచ్ మూతపడేటప్పుడు లోపలి రేకు కొన్ని మిల్లీసెకన్లపాటు వణికి, ఒక్క నొక్కుడు పలు నొక్కుళ్లుగా నమోదవుతుంది. దాన్ని ఆపడానికి కొందరు నొక్కిన తరువాత కాసేపు ఆగి, అప్పుడు మీటను పంపుతారు. అలా కాకుండా మొదటి మార్పును వెంటనే పంపి, ఆ తరువాత ఓ 5 మిల్లీసెకన్లపాటు ఆ పిన్నును పట్టించుకోకుండా ఉంటే ఆలస్యం ఉండదు. సెకనుకు 60 చిత్రాలు చూపే గేములో ఒక్కో చిత్రానికి దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లే, అందులో మూడోవంతును అనవసరంగా పోగొట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు.

ఇంకొకటి. మేమ్‌లో మొదటి ఆటగాడి బటన్లు మామూలుగా ఎడమ కంట్రోల్, ఎడమ ఆల్ట్, స్పేస్, ఎడమ షిఫ్ట్ మీటలకు ఉంటాయి. విండోస్‌లో షిఫ్ట్‌ను వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ పెట్టె తెరమీదికి వచ్చి ఆటను ఆపేస్తుంది. ఆ సౌకర్యాన్ని సెట్టింగులలో ఆపేయండి, లేదా మేమ్‌లో ట్యాబ్ మీట నొక్కి బటన్లన్నిటినీ మామూలు అక్షరాలకు మార్చుకోండి.

గోదావరి గట్టు:

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. రెండు ప్రో మైక్రో బోర్డులు తెప్పించి, గత ఆదివారం మొత్తం దీని మీదే కూర్చున్నాను. ఎడమవైపు అంతా చక్కగా పనిచేస్తోంది. కుడివైపు జాయ్‌స్టిక్, మొదటి మూడు బటన్లు పనిచేస్తున్నాయి గాని, ఆ తరువాతివి ఏవీ పనిచేయడం లేదు. పిన్నులు మార్చి చూశాను, ఫలితం లేదు. గ్రౌండు వైరును ఒక బటన్ నుంచి మరొకదానికి గొలుసులా కలుపుకుంటూ వెళ్లాను.

కోఠి టెక్నీషియన్:

మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి, మూడో బటన్‌కూ నాలుగో బటన్‌కూ మధ్య గ్రౌండు తెగింది. గొలుసులో ఒక్క చోట లగ్గు (స్విచ్ కాలుకు తొడిగే వైరు కొన) వదులైతే దాని తరువాతివన్నీ ఆగిపోతాయి. యూఎస్‌బీ తీసేసి, మల్టీమీటరును కంటిన్యుటీలో (వైరు తెగకుండా ఉంటే బీప్ కొట్టే అమరికలో) పెట్టి, ఒక కొనను బోర్డు గ్రౌండు మీద ఉంచి, రెండో కొనతో ఒక్కో బటన్ గ్రౌండు కాలును తాకుతూ వెళ్లండి. బీప్ ఆగిన చోటే లోపం. లగ్గు కొలత కూడా చూడండి. 2.8 మిల్లీమీటర్ల కాలుకు 4.8 మిల్లీమీటర్ల లగ్గు తొడిగితే అది కొన్నాళ్లకు జారిపోతుంది. సరిచేశాక గొలుసు చివరి కొనను కూడా తిరిగి బోర్డు గ్రౌండుకు కలపండి. అప్పుడు ఒక చోట తెగినా రెండోవైపు నుంచి గ్రౌండు అందుతుంది.

గోదావరి గట్టు:

మీరు చెప్పినట్టే మూడో బటన్ దగ్గర లగ్గు ఊడి, పక్క వైరుకు ఆనుకొని ఉంది. సరిచేసి, చివరి కొనను కూడా బోర్డుకు కలిపాను. నోట్‌ప్యాడ్ తెరిచి 24 స్విచ్‌లనూ ఒక్కొక్కటిగా, తరువాత ఇద్దరం కలిసి ఇష్టం వచ్చినట్టు నొక్కి చూశాం, ఒక్క మీట కూడా తప్పిపోలేదు. ఒక చివరి సందేహం. బటన్లలో 12 వోల్టుల లైట్లు ఉన్నాయి. వాటినీ ఇదే బోర్డు నుంచి వెలిగించవచ్చా?

మైక్రోస్విచ్:

వద్దండి. బోర్డు నుంచి వచ్చేది 5 వోల్టులే, దానితో ఆ లైట్లు సరిగా వెలగవు. వాటికి విడిగా ఒక 12 వోల్టుల అడాప్టరు పెట్టి, లైటు కాళ్లకు మాత్రమే కలపండి. ఆ 12 వోల్టుల వైరు ఎట్టి పరిస్థితుల్లోనూ బోర్డు పిన్నులకు తగలకూడదు, తగిలితే చిప్పు కాలిపోతుంది. లైట్ల వైర్లకు వేరే రంగు వాడి, పెట్టెలో రెండోవైపు నుంచి తీసుకువెళ్లండి.

గోదావరి గట్టు:

అలాగే చేస్తాను. లైట్లకు పసుపు వైరు తెచ్చాను, ఈ వారాంతంలో బిగిస్తాను.