మొదటి జియాలజీ ఫీల్డ్ ట్రిప్: రాయి దగ్గర ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది చిన్న కాలేజీ, జియాలజీలో గుప్పెడు మందిమే. వచ్చే నెల మొదటి ఫీల్డ్ ట్రిప్. ల్యాబ్‌లో కాల్సైట్, క్వార్ట్జ్ లాంటి ఖనిజాలు చూడగానే చెప్పేస్తాను. కానీ బయట నాచు పట్టిన బండ ముందు నిలబడితే ఏం రాస్తానో అని టెన్షన్‌గా ఉంది. సీనియర్లు చెప్పరూ?

జవాబు: పైరంగును నమ్మొద్దమ్మా. ఎండకీ వానకీ పైపొర మారిపోతుంది. సుత్తితో చిన్న ముక్క కొట్టి తాజా ముఖం చూడు (కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి). లెన్స్ కంటికి దగ్గరగా పెట్టుకుని రాయినే దాని దగ్గరకు తీసుకురా. పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే సున్నపురాయి మీద వెంటనే నురగ పొంగుతుంది. డోలమైట్ అనే రాయి అయితే గీకి పొడి చేశాకే బాగా పొంగుతుంది. ఖనిజాల గట్టిదనం చెప్పే మోస్ స్కేల్‌లో కాల్సైట్ 3, క్వార్ట్జ్ 7. చాకుతో గీస్తే తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో జవాబు: పొరల వాలు కొలిచేటప్పుడు సుత్తిని దిక్సూచికి దూరంగా పెట్టు, ఇనుముకి ముల్లు పక్కకు పోతుంది. నోట్స్ అక్కడికక్కడే రాయి, బస్సెక్కాక రాద్దామనుకోకు. తక్కువమంది ఉండటం నీకు వరం, ప్రతి బండ దగ్గరా మేడమ్‌ని అడగొచ్చు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అక్కా! డోలమైట్ సంగతి ఇవాళే ల్యాబ్‌లో చేసి చూస్తాను.