50 మీటర్ల దగ్గర రైఫిల్ గ్రూప్ (టార్గెట్ మీద గుళ్లు పడే గుంపు) ఉన్నట్టుండి చెదిరిపోతోంది, ఎక్కణ్ణుంచి వెతకాలి?

గురి_యాభై
అందరికీ నమస్తే. నాది పాయింట్ 22 బోల్ట్ యాక్షన్ టార్గెట్ రైఫిల్, చెక్క స్టాక్ (పట్టుకునే, భుజానికి ఆనించే భాగం), పైన స్కోప్. 50 మీటర్ల దగ్గర బ్యాగ్ మీద పెట్టి కొడితే అయిదు రౌండ్లూ 15 మి.మీ లోపలే పడేవి, ఇప్పుడు అదే అమ్యునిషన్ అదే రేంజ్ కానీ 40 మి.మీ దాకా పోతోంది. ఇంకో సంగతి, మూడు ఒక చోట పడతాయి, తర్వాత రెండు కాస్త పైన ఇంకో చోట పడతాయి, మళ్లీ కొడితే మొదటి చోటికే వస్తాయి. బారెల్ అయిపోయిందా? మార్చే ముందు ఏమేం చూడాలో చెప్పండి.

పాత_ప్రోన్
బారెల్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు తమ్ముడూ. పాయింట్ 22 లో గుండు మెత్తటి సీసం, ప్రెషర్ తక్కువ, శుభ్రంగా వాడితే వేలకు వేల రౌండ్లు కొట్టినా బారెల్ అంత తొందరగా చావదు. పైగా అరిగిపోయిన బారెల్ అయితే మెల్లమెల్లగా గ్రూప్ పెద్దదవుతుంది గానీ ఇలా రెండు గుంపులు చెయ్యదు. రెండు గుంపులంటే ఏదో ఒకటి కదిలి రెండు చోట్ల కూర్చుంటోందని అర్థం. ముందు యాక్షన్ స్క్రూలు (బోల్ట్, బారెల్ ఉన్న లోహపు భాగాన్ని స్టాక్‌కి బిగించేవి) చూడు, చేత్తో అందాజుగా కాదు, టార్క్ రెంచ్ (బిగువు కొలిచే రెంచ్) పెట్టి మాన్యువల్‌లో ఉన్న నంబర్‌కి. బారెల్‌కీ స్టాక్ ముందు భాగానికీ మధ్య ఒక కాగితం జరిపి చూడు, ఫ్రీ ఫ్లోట్ బారెల్ (స్టాక్‌ని తాకనిది) అయితే ఎక్కడా పట్టుకోకుండా వెనక దాకా పోవాలి.

క్లిక్_క్లిక్
అన్నా స్క్రూల మాట సరే కానీ నేనైతే ముందు స్కోప్‌నే అనుమానిస్తా. లోపల రెటికిల్ (గురి గీతలు) ఉండే ట్యూబ్‌ని పట్టుకునే స్ప్రింగ్ బలహీనపడితే సరిగ్గా ఇలాగే రెండు చోట్ల కొడుతుంది, బయటికి ఏమీ తెలీదు. ఉన్న ఇంకో మంచి స్కోప్ బిగించి కొట్టి చూడటమే తేలిక, అది లేకపోతే బాక్స్ టెస్ట్ చెయ్యండి, అంటే స్కోప్ మీది నాబ్‌ని పైకి ఇన్ని క్లిక్‌లు, కుడికి అన్నే, కిందికి అన్నే, ఎడమకి అన్నే తిప్పుతూ ఒక్కో దగ్గర కొట్టి చివరికి మొదటి చోటికే వస్తోందా లేదా చూడాలి. పారలాక్స్ కూడా చూడండి, చాలా స్కోప్‌లు 100 మీటర్ల దగ్గరికి సెట్ చేసి వస్తాయి, 50 దగ్గర కన్ను కాస్త పక్కకి జరిగినా రెటికిల్ టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తుంది. రైఫిల్ కదలకుండా తల మాత్రం అటూ ఇటూ కదిపితే తెలిసిపోతుంది.

లాట్_నంబర్
అమ్యునిషన్ అదే అన్నారు, అదే బ్రాండా, అదే లాటా (ఒకే విడతలో తయారైనదా)? పెట్టె మీద పేరు ఒకటే అయినా లాట్ మారితే కొన్ని రైఫిల్స్ అసలు ఒప్పుకోవు, అందుకే మ్యాచ్ షూటర్లు లాట్‌లు టెస్ట్ చేసి నచ్చినదే ఎక్కువ తీసిపెట్టుకుంటారు. ఇంకోటి, హై వెలాసిటీ రౌండ్లు వాడకండి, అవి ధ్వని వేగం దాటి బయల్దేరి దారిలో మళ్లీ దాని కిందికి దిగుతాయి, అక్కడ గుండు కుదురు చెడుతుంది.

పాత_ప్రోన్
లాట్ మాట నిజమే కానీ ఈ కేసుకి అది ఒక్కటే చాలదు, లెక్క వేసి చూద్దాం. స్టాండర్డ్ రౌండ్ సెకనుకి 325 మీటర్ల దగ్గర్లో పోతుంది, 50 మీటర్లకి పట్టేది సెకనులో ఆరో వంతు కంటే తక్కువ, అందులో గుండు దాదాపు 12 సెం.మీ కిందికి పడుతుంది. వేగం 10 మీటర్లు తేడా వస్తే నిలువులో 7-8 మి.మీ తేడా. అది చిన్నదేం కాదు, టార్గెట్‌లో పది పాయింట్ల రింగ్ మొత్తం 10.4 మి.మీ మాత్రమే కదా, కానీ 40 మి.మీ రావాలంటే వేగంలో 50 మీటర్ల తేడా ఉండాలి, మంచి అమ్యునిషన్‌లో అంత ఉండదు.

దూది_పుల్ల
ఎవరూ క్లీనింగ్ అడగలేదు. చాంబర్ (రౌండ్ కూర్చునే చోటు) ముందు అంచున మసి గట్టిపడి ఉంగరంలా తయారవుతుంది, మామూలుగా ప్యాచ్ లాగితే పోదు, సాల్వెంట్ వేసి నానబెట్టాలి. మజిల్ (బారెల్ కొస) దగ్గర క్రౌన్, అంటే గుండు బయటికొచ్చే అంచు, కూడా చూడండి, బోల్ట్ తీసేసి చాంబర్ ఖాళీ అని కళ్లతో చూసుకున్నాక దూది పుల్ల లోపల పెట్టి బయటికి లాగండి, అంచున ఎక్కడైనా పోగులు చిక్కుకుంటే అక్కడ దెబ్బ తగిలినట్టే. క్లీన్ చేసిన వెంటనే పడ్డ గ్రూప్‌ని మాత్రం నమ్మొద్దు, బారెల్ లోపల మైనం పూత మళ్లీ పట్టేదాకా చెదురుతాయి.

డయాప్టర్
అన్నిటికంటే ముందు రైఫిల్‌ని ఇంకో మంచి షూటర్ చేతికి ఇవ్వండి, ఆయనకీ రెండు గుంపులే వస్తే మీ హోల్డ్‌ని వదిలేసి రైఫిల్ మీద పడొచ్చు. బ్యాగ్ ప్రతిసారీ ఫోరెండ్ (స్టాక్ ముందు భాగం) కింద ఒకే చోట ఉందా, చెంప ఒత్తిడి మారుతోందా అని కూడా చూడండి. ఇంకో ముఖ్యమైన మాట, ఇన్ని సలహాలూ ఒకేసారి చెయ్యొద్దండీ. ఒకటి మార్చడం, అయిదేసి రౌండ్లతో కనీసం నాలుగైదు గ్రూపులు కొట్టడం, రాసుకోవడం, అప్పుడు రెండోది. మూడు రౌండ్ల ఒక్క గ్రూప్ చూసి తేల్చేస్తే నిజంగా ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

పది_మీటర్లు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాది మ్యాచ్ ఎయిర్ రైఫిల్, కాసేపు ఆపి మళ్లీ మొదలుపెడితే మొదటి పెల్లెట్ ఎప్పుడూ పైన పడుతోంది, తర్వాతవి బాగానే ఉంటాయి. ఇదీ స్క్రూలేనా?

పాత_ప్రోన్
కాదమ్మా, అది గాలి ప్రెషర్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ సమస్య లాగా ఉంది. ఆపి ఉంచినప్పుడు లోపల ప్రెషర్ మెల్లగా పెరుగుతుంది, మొదటి షాట్ ఎక్కువ వేగంతో పోతుంది. క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) మీద పెట్టి చూడు, మొదటిది మిగతావాటికంటే స్పష్టంగా ఎక్కువ చూపిస్తే సర్వీస్‌కి ఇచ్చెయ్, నువ్వు విప్పకు, అది హై ప్రెషర్ గాలి.

గురి_యాభై
అప్‌డేట్. డయాప్టర్ గారు చెప్పినట్టు ముందు ఇంకొకరితో కొట్టించా, ఆయనకీ రెండు గుంపులే. స్కోప్ మార్చినా అంతే, కాబట్టి స్కోప్ పాపం ఏమీ లేదు. తర్వాత బోల్ట్ తీసేసి, బారెల్ స్టాక్ కలిసే చోట వేలు పెట్టి ముందు స్క్రూ వదులు చేస్తుంటే బారెల్ లేవడం వేలికి తెలిసింది, యాక్షన్ కింద చెక్క ఒక పక్క నలిగి దిగిపోయి ఉంది. ప్రస్తుతానికి టార్క్ సరిచేసి కొడితే రెండో గుంపు మాయం, గ్రూపులు 20 మి.మీ దగ్గర ఉన్నాయి. దూది పుల్ల టెస్ట్‌లో క్రౌన్ బాగానే ఉంది, చాంబర్ నానబెట్టి క్లీన్ చేశాక ఇంకొంచెం తగ్గింది. ఇప్పుడు పిల్లర్ బెడ్డింగ్ (స్క్రూల చుట్టూ లోహపు గొట్టాలు పెట్టి యాక్షన్‌ని కుదురుగా కూర్చోబెట్టడం) చేయించాలా, ఇలాగే వదిలెయ్యాలా?

పాత_ప్రోన్
చెక్క నలిగింది కాబట్టి మళ్లీ దిగుతుంది, చెమ్మ మారినా మారుతుంది. ప్రతి సెషన్‌కి ముందు టార్క్ చూసి రాసుకో, నంబర్ నిలబడితే అలాగే కొట్టుకో. పడిపోతూ ఉంటే పిల్లర్లు వేయించు, అల్యూమినియం పిల్లర్ మీద స్క్రూ బిగిస్తే చెక్క నలిగే ప్రశ్నే ఉండదు. కానీ ఆ పని తెలిసినవాళ్ల చేతే చేయించు, వంకరగా బెడ్డింగ్ చేస్తే యాక్షన్ మెలితిరిగి ఇప్పటికంటే పాడవుతుంది.

లాట్_నంబర్
బెడ్డింగ్ అయ్యాకే లాట్ టెస్ట్ పెట్టుకోండి, ముందు చేస్తే ఆ రౌండ్లన్నీ వేస్ట్.