ఉగాది వాలంటీర్లకు: టికెట్ మెయిళ్ళు, బ్యాడ్జీల స్క్రిప్ట్ సంగతి తేల్చాలి

రిజిస్ట్రేషన్ కమిటీ:
అందరికీ నమస్కారం. పరాభవ ఉగాది 19వ తేదీ గురువారమే పడింది. వారం మధ్యలో ఎవరికీ కుదరదు కాబట్టి మన వేడుక మార్చి 21 శనివారం, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, స్కూల్ ఆడిటోరియంలో. నిన్న రాత్రి మెయిళ్ళు పంపే, బ్యాడ్జీలు తయారుచేసే స్క్రిప్ట్ (కంప్యూటర్ వరసగా చేసే కమాండ్ల ఫైల్) నడిపి, కమిటీ వరకు టెస్ట్ మెయిల్ పంపి చూశాం. పెద్దల టికెట్ $25 అని ఉండాల్సిన చోట 5 అని వచ్చింది. పిల్లలది $10కి బదులు 0. బ్యాడ్జీల ఫైల్లో వెంకట సత్యనారాయణ గారు ఇద్దరైపోయారు, వెంకట ఒకరు, సత్యనారాయణ ఇంకొకరు. జాబితాలో మొదటి కుటుంబానికి తప్ప ఎవరికీ క్యూఆర్ కోడ్ తయారు కాలేదు. పైగా మెయిళ్ళు అందరికీ అందాక కూడా చివర్లో 'పంపినవి: 0' అని చూపించింది. ఐటీ వాళ్ళు కాస్త చూడండి, ఆదివారం రాత్రికి అసలు జాబితాకి వెళ్ళాలి.

ట్రెజరర్:
పిల్లలకి ఉచితం అని ఒక్క మెయిల్ బయటికి పోయిందా, ఇక ఎవరి దగ్గరా పది డాలర్లు అడగలేం. ఆడిటోరియం అద్దె, కేటరింగ్ అడ్వాన్స్ రెండూ కట్టేశాం. సరయ్యేదాకా ఎవరూ ఆ స్క్రిప్ట్ ముట్టుకోకండి బాబూ.

ఐటీ వాలంటీర్:
చూశానండీ. ధర దగ్గర జరిగింది ఇది. మన స్క్రిప్ట్‌ని నడిపేది షెల్, అంటే టైప్ చేసిన కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్. మెయిల్ మాటర్ అంతా ఆ షెల్ స్క్రిప్ట్‌లోనే డబుల్ కోట్స్ మధ్య రాసి ఉంది. డబుల్ కోట్స్ లోపల $ కనబడితే షెల్ దాన్ని వేరియబుల్ (విలువ నింపుకునే పేరు) అనుకుంటుంది. $ తర్వాత అంకె ఉంటే స్క్రిప్ట్ నడిపేటప్పుడు దాని పేరు పక్కన మనం ఇచ్చిన మాట (ఆర్గ్యుమెంట్) అని అర్థం, అదీ ఒక్క అంకె వరకే చూస్తుంది. కాబట్టి $10 అంటే దాని లెక్కలో '$1', ఆ పక్కన ఒక సున్నా. మనం ఆర్గ్యుమెంట్లేమీ ఇవ్వలేదు కనుక $1 ఖాళీ, సున్నా మిగిలింది. $25 కూడా అంతే, $2 మాయమై 5 మిగిలింది. జాబితా ఫైల్ పేరు ఇచ్చి నడిపి ఉంటే పిల్లల టికెట్ ధర స్థానంలో ఆ ఫైల్ పేరు, దాని వెనక సున్నా వచ్చేవి. అదే నయం, వెంటనే కంటబడేది. 0 అనేది నిజమైన ధరలాగే ఉంటుంది, అందుకే భయం.

ప్రస్తుతానికి $ని మామూలు గుర్తుగానే వదిలేయడానికి దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాను, \$10 అని. స్క్రిప్ట్ పైన 'సెట్ -యూ' అనే లైన్ కూడా చేర్చాను. ఇక విలువ లేని వేరియబుల్ తగిలితే ఖాళీ పెట్టి ముందుకు పోదు, ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

యూత్ వాలంటీర్:
అంకుల్, మొత్తం మెయిల్‌ని సింగిల్ కోట్స్‌లో పెట్టేస్తే $ గొడవే ఉండదు కదా?

ఐటీ వాలంటీర్:
ఉండదు, కానీ అప్పుడు పేరు కూడా మారదు నాన్నా. అందరికీ 'ప్రియమైన $పేరు గారికి' అనే వెళ్తుంది. పైగా సింగిల్ కోట్స్ లోపల బ్యాక్‌స్లాష్ కూడా పనిచేయదు. మాటర్‌లో ఎక్కడైనా అపాస్ట్రఫీ ఉంటే కోట్ అక్కడే మూసుకుపోతుంది. దాన్ని దాటాలంటే '\'' అని నాలుగు గుర్తులు రాయాలి. వచ్చే ఏడాది ఈ పని చూసేవాళ్ళు అది చూసి పారిపోతారు. మాటర్‌ని వేరే ఫైల్లో పెట్టి, పేరు, సీట్ల సంఖ్య మాత్రమే అందులో నింపడం మేలు.

ఫుడ్ కమిటీ:
ఆ వేరే ఫైల్ పద్ధతి మెనూకి ముందే వాడారు కదండీ, అదీ తేడాగానే వచ్చింది. 'పులిహోర & బొబ్బట్లు' అని ఇస్తే మెయిల్లో 'పులిహోర @@మెనూ@@ బొబ్బట్లు' అని వచ్చింది. ఉగాది పచ్చడి లైన్ మాత్రం బాగానే ఉంది.

ఐటీ వాలంటీర్:
పచ్చడి లైన్లో & లేదు కాబట్టి బతికిపోయింది. అక్కడ వాడింది సెడ్, ఫైల్లో ఒక మాటను వెతికి ఇంకోటి పెట్టే కమాండ్. @@మెనూ@@ అనేది మెనూ రావాల్సిన చోట పెట్టిన గుర్తు. సెడ్‌లో మార్చి పెట్టే భాగంలో & ఉంటే 'వెతికి పట్టుకున్న ముక్కనే మళ్ళీ ఇక్కడ పెట్టు' అని అర్థం. అందుకే @@మెనూ@@ తిరిగొచ్చింది. తేదీని 3/21 అని రాస్తే ఇంకో గొడవ, ఆ గీతను సెడ్ తన విభజన గుర్తు అనుకుంటుంది. వాటన్నిటికీ బ్యాక్‌స్లాష్‌లు పెట్టుకుంటూ కూర్చోవడం నాకిష్టం లేదు. టెంప్లేట్ నింపే పని, బ్యాడ్జీల పని రెండూ పైథాన్ ప్రోగ్రామింగ్ భాషకి మారుస్తున్నాను.

బ్యాడ్జీల్లో ఒకరు ఇద్దరవడానికి కారణం లూప్, అంటే ఒకే పనిని ఒక్కొక్కరికీ మళ్ళీ మళ్ళీ చేసే భాగం. 'ఫర్' లూప్‌కి ఫైల్‌ని క్యాట్ చేసి (లోపలిదంతా బయటపెట్టి) ఇచ్చారు. కోట్స్ లేకుండా అలా ఇస్తే షెల్ లైన్ల ప్రకారం కాదు, ఖాళీ కనబడిన ప్రతిచోటా విడగొడుతుంది. మన పేర్లలో ఇంటిపేరు, అసలు పేరు, మధ్యలో దేవుడి పేరు... ఖాళీ లేని పేరు ఎక్కడుంది! 'వైల్ రీడ్ -ఆర్' అనే లూప్‌తో లైన్ లైన్‌గా చదవాలి. అయినా కామాల సమస్య మిగులుతుంది. పిల్లల పేర్లు ఒకే గడిలో కామాలతో రాసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. సీఎస్‌వీలో (గడుల మధ్య కామాలు పెట్టే మన జాబితా ఫైల్లో) ఆ గడికి కోట్స్ ఉంటాయి గానీ, రీడ్‌కి ఆ కోట్స్ అర్థం కావు, కామా దగ్గర కోసేస్తుంది.

యూత్ వాలంటీర్:
కామా బదులు ట్యాబ్‌తో డౌన్‌లోడ్ చేస్తే? గూగుల్ షీట్స్‌లో ఆ ఆప్షన్ ఉంది.

ఐటీ వాలంటీర్:
మంచి ప్రశ్నే. కానీ షెల్ ట్యాబ్‌ని కూడా ఖాళీ జాతిలోనే లెక్కేస్తుంది. రెండు ట్యాబ్‌లు పక్కపక్కన వస్తే ఒకటే అనుకుంటుంది. ఎవరైనా ఫోన్ నంబర్ గడి వదిలేస్తే దాని తర్వాతి గడి ముందుకు జరుగుతుంది, ఫోన్ నంబర్ చోట సీట్ల సంఖ్య కూర్చుంటుంది. పైథాన్‌లో సీఎస్‌వీ మాడ్యూల్ ఈ రెండూ సరిగ్గా చూసుకుంటుంది. ఫైల్ ఎక్సెల్ నుంచి వస్తే 'యూటీఎఫ్-8-సిగ్' అని తెరవాలి, లేకపోతే మొదటి కాలమ్ పేరు ముందు కనబడని గుర్తు ఒకటి చేరి, ఆ పేరుతో కాలమ్ దొరకదు.

రిజిస్ట్రేషన్ కమిటీ:
క్యూఆర్ కోడ్ ఒక్కరికే ఎందుకు వచ్చిందో చెప్పనేలేదు. లోపలికి పంపే దగ్గర నాకు అదే టెన్షన్.

ఐటీ వాలంటీర్:
దాన్ని పట్టుకోవడానికే ఎక్కువసేపు పట్టిందక్కా, ఎందుకంటే ఎర్రర్ ఏమీ రాదు. లూప్ జాబితా నుంచి ఒక్కో లైన్ చదువుతుంది. లోపల ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌లో కమాండ్ నడిపే ప్రోగ్రామ్‌తో) సర్వర్‌లోకి వెళ్ళి కోడ్ తయారుచేస్తుంది. ఎస్ఎస్‌హెచ్ కూడా అదే ఇన్‌పుట్ నుంచి చదువుతుంది కాబట్టి మొదటిసారే మిగతా జాబితా అంతా మింగేసింది. లూప్ రెండోసారి చూస్తే ఏమీ లేదు, పని అయిపోయిందనుకుని మర్యాదగా బయటికొచ్చింది. ఎస్ఎస్‌హెచ్‌కి '-ఎన్' ఇస్తే అది ఆ ఇన్‌పుట్ ముట్టుకోదు, సరిపోతుంది.

కానీ నేను అక్కడితో ఆపను. ఎస్ఎస్‌హెచ్‌కి ఇచ్చిన కమాండ్‌ని అవతలి షెల్ మళ్ళీ మొదటినుంచి చదువుతుంది. ఇక్కడ కోట్స్ సరిగ్గా పెట్టినా అక్కడ అవి మిగలవు. పేరు చుట్టూ సింగిల్ కోట్స్ పెట్టి పంపారు, మన జాబితాలో ఓ'కానర్ లాంటి ఇంటిపేరున్న కోడళ్ళు, అల్లుళ్ళు ఉన్నారు. ఆ అపాస్ట్రఫీ దగ్గర కమాండ్ విరిగిపోతుంది. అంతకంటే ముఖ్యం, ఫామ్‌లో ఎవరు ఏం టైప్ చేస్తారో మన చేతిలో లేదు. పేరు గడిలో ఎవరైనా కావాలని కమాండ్ రాస్తే అది మన సర్వర్ మీద నడుస్తుంది. జనం రాసింది ఎప్పుడూ డేటాగానే వెళ్ళాలి, కమాండ్‌లో అతికించకూడదు. అందుకే జాబితా మొత్తం ఒక్కసారే సర్వర్‌కి పంపి, అక్కడే చదివేలా మారుస్తాను. ఎస్ఎస్‌హెచ్ కూడా ఒక్కసారే.

'పంపినవి: 0' చిన్న సంగతి. క్యాట్ నుంచి పైప్‌లో (ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదానికి ఇన్‌పుట్‌గా) వైల్ లూప్‌కి ఇస్తే, మనం వాడే షెల్ బ్యాష్ ఆ లూప్‌ని సబ్‌షెల్‌లో, అంటే వేరే ఇంకో షెల్‌లో, నడుపుతుంది. లెక్క అక్కడ పెరిగి అక్కడే పోతుంది. పైప్ తీసేసి ఫైల్‌ని లూప్ చివర < తో ఇస్తే చాలు.

స్టేజ్, షిఫ్టుల కమిటీ:
మాదీ ఒకటుంది. షిఫ్టుల మెయిల్లో పొద్దున్న వాళ్ళకి 09:30 అని సరిగ్గానే వచ్చింది. 11:00 వాళ్ళకి 660 అని, వడ్డన వాళ్ళకి 12:30 బదులు 750 అని వచ్చింది. 750 అంటే మెనూలో కేలరీలా అని ఒకావిడ అడిగారు.

ఐటీ వాలంటీర్:
షిఫ్టులు యామెల్ ఫైల్లో ఉన్నాయి, అంటే వివరాలు పేరు, విలువ జంటలుగా రాసుకునే ఫైల్. యామెల్ 1.1 నియమాల్లో కోలన్‌తో ఉన్న అంకెలు అరవై లెక్కన ఒకే సంఖ్య అవుతాయి. 12 అరవైలు 720, పైన 30, మొత్తం 750. 09:30 సున్నాతో మొదలైంది కాబట్టి ఆ నియమానికి దొరక్క మాటగానే మిగిలింది. 2009లో వచ్చిన 1.2లో దీన్ని తీసేశారు, కానీ ఆ ఫైల్ చదవడానికి మనం వాడే పైయామెల్ ఇప్పటికీ 1.1 పద్ధతే. ప్రతి సమయానికీ కోట్స్ పెట్టండి, "12:30" అని. ఉల్లి, వెల్లుల్లి కాలమ్‌లో ఇంగ్లీషులో యెస్, నో అని రాసినవాటికి కూడా పెట్టండి, లేకపోతే అవి ట్రూ, ఫాల్స్ అయిపోతాయి.

రేపు సాయంత్రానికి కొత్తది సిద్ధం చేస్తాను. మెయిల్ పంపకుండా, పంపబోయేది ఫైల్లో రాసి చూపించే పద్ధతి ముందు పెడతాను. రిజిస్ట్రేషన్ అక్కా, పరీక్షించి చూడ్డానికి నాకో దొంగ జాబితా (ఉత్తుత్తి పేర్లతో) కావాలి. అపాస్ట్రఫీ ఉన్న పేరు, మూడు ముక్కల పేరు, తెలుగు లిపిలో రాసిన పేరు, ఖాళీ ఫోన్ గడి, కామాలతో పిల్లల పేర్లు, అన్నీ ఉండాలి. చివరి లైన్ తర్వాత ఎంటర్ కొట్టకండి, రీడ్ ఆ చివరి లైన్ వదిలేసే అలవాటుంది, పైథాన్‌లో ఆ బాధ పోయిందో లేదో చూడాలి.

రిజిస్ట్రేషన్ కమిటీ:
ఈ రాత్రికే షీట్‌లో పెడతాను. బ్యాడ్జీ కాగితాలు నా దగ్గరున్నాయి, ప్రింటర్ ఎవరు తెస్తారో చెప్పండి.

యూత్ వాలంటీర్:
ప్రింటర్ నేను తెస్తాను ఆంటీ. అంకుల్, పైథాన్ కోడ్ రాశాక నాకూ పంపండి, ఆ దొంగ జాబితాతో నేనూ నడిపి చూస్తాను.