1923 ద్రవ్యోల్బణమే హిట్లర్‌ని గెలిపించిందా?

ప్రశ్న: డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులైన 1923 దెబ్బకే జర్మన్లు నాజీల వైపు తిరిగారంటారు. మరి 1928లో వాళ్లకి 2.6 శాతం ఓట్లే ఎందుకొచ్చాయండీ?

జవాబు: తేదీలు చూస్తే ఆ లెక్క కుదరదండి. 1923 చివర్లో రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ వచ్చాక ధరలు నిలబడ్డాయి. అసలు దెబ్బ 1929 ఆర్థిక మాంద్యం తర్వాతే. జర్మనీకి అమెరికా ఇచ్చే అప్పులు ఆగాయి. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు దాటారు. సరిగ్గా అప్పుడే ఛాన్సలర్ బ్రూనింగ్ జీతాలు కోసి, పన్నులు పెంచాడు. అదీ పార్లమెంటుని పక్కనపెట్టి, రాజ్యాంగంలో అత్యవసర అధికారాలిచ్చే 48వ అధికరణం కింద! నాజీలు 1930 సెప్టెంబరులో 18.3 శాతానికి, 1932 జులైలో 37.3 శాతానికి ఎగబాకారు.

ఇంకో జవాబు: చిన్న సవరణ. పని పోయిన కార్మికులు ఎక్కువగా కమ్యూనిస్టులకే వేశారు. నాజీల బలం ప్రొటెస్టంట్ పల్లెలు, అప్పుల్లో మునిగిన రైతులు, చిన్న దుకాణదారులు. ఉత్తర జర్మనీలోని ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్‌లో 1932 జులైలో సగానికి పైగా ఓట్లు వాళ్లవే. కాథలిక్కుల సెంటర్ పార్టీ ఓటు మాత్రం పెద్దగా చెదరలేదు.

ప్రశ్న అడిగినవారు: అంటే మెజారిటీ వచ్చిందా?

జవాబు: లేదండి. 1932 నవంబరులో 33.1 శాతానికి జారారు కూడా. మాజీ ఛాన్సలర్ పాపెన్ మంతనాలతో, 1933 జనవరి 30న హిట్లర్‌కి ఛాన్సలర్ పదవి కట్టబెట్టింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్.