చిన్నాయన బత్తాయి తోట ఆరు నెలలు మా చేతుల్లో, ఉండేదేమో వ్యాన్‌లో. ఏం జాగ్రత్తలు?

బండికాపురం:
అందరికీ నమస్తే. ఏడాదిన్నర కింద హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, ట్రావెలర్ బండిని మోటార్ హోమ్‌గా మార్చుకుని నేనూ మా ఆయనా అందులోనే ఉంటున్నాం. ఇద్దరివీ లాప్‌టాప్ ఉద్యోగాలే. ఇప్పుడు మా చిన్నాయన, చిన్నమ్మ కూతురి కాన్పుకు అమెరికా పోతున్నారు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా చండూరు దగ్గరున్న ఆరెకరాల బత్తాయి తోట మమ్మల్నే చూసుకోమన్నారు. "మీ ఇల్లు మీ వెంటనే ఉంటది కదా బిడ్డా, తెచ్చి తోటల పెట్టుకోండ్రి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

తోటలో రెండు బోర్లు, డ్రిప్, ఒక మోటారు గది ఉన్నాయి. పనికి ఆలుమగలు వస్తారు. బండి మీద 400 వాట్ల సోలార్, లోపల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఉన్నాయి. రెండు లాప్‌టాప్‌లు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ నడుస్తాయి. రెండు రోజులు మబ్బు పట్టిందంటే ముందు ఫ్రిజ్ ఆపాల్సిందే. అలాంటప్పుడు మోటారు గది కరెంటు వాడుకోవచ్చా? బోరు నీళ్లు ట్యాంకులో నింపుకోవచ్చా? ఇంకోటి, డిసెంబర్‌లో చెట్లకు చుక్క నీళ్లు పెట్టొద్దన్నారు. చెట్లు ఎండిపోతే ఆ పాపం ఎవరిది? ఇప్పటికే మా పెదనాన్న కొడుకు "తోటకే మకాం మార్చిన్రా?" అని నవ్వుకుంటూ అననే అన్నాడు.

బత్తాయిరైతు:
చెల్లెమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ డిసెంబర్ సంగతి వినండి. దాన్ని బెట్టకు పెట్టడం అంటారు. నేలను బట్టి నెల, నెలన్నర నీళ్లు ఆపితే చెట్టు కొత్త చిగురు వేయడం మానుకుని పూతకు సిద్ధమవుతుంది. తర్వాత ఎరువు వేసి నీళ్లు వదిలితే జనవరి, ఫిబ్రవరిలో ఒక్కసారిగా పూస్తుంది. మీది ఎర్ర చలకే అయ్యుంటుంది, తొందరగా వాడు ముఖం పడుతుంది. ఆకులు దొప్పల్లా ముడుచుకుంటాయి, కొన్ని పండి రాలతాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

2019లో మా నాయన ఆస్పత్రిలో ఉంటే నేనే చూసుకున్నా. జాలిపడి ఓ రాత్రి మూడు గంటలు మోటారు వేశా. చెట్లు పచ్చగా చిగుర్లేసి కళకళలాడాయి, పూత మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. నాయన ఇంటికొచ్చాక తోటంతా తిరిగి చూసి ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

బెట్ట విడిచేటప్పుడు కూడా మొదటి తడి పల్చగా ఇవ్వండి, తర్వాత మెల్లగా పెంచండి. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వదలాలో చిన్నాయననే అడగండి. రోజూ ఒకే చెట్టు ఫొటో తీసి పంపండి. మీకు అన్నీ ఎండినట్టే కనిపిస్తాయి, ఆయనకు తేడా తెలుస్తుంది.

రిటైర్డ్‌లైన్‌మన్:
మోటారు గది కరెంటు జోలికి పోవద్దు. అది వ్యవసాయ కనెక్షన్. వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద రెట్టింపు రేటు వేస్తారు, నోటీసు వచ్చేది మీ చిన్నాయన పేరు మీద. పైగా చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే వోల్టేజీ ఎక్కడుంటుందో చెప్పలేం, మీ ఛార్జర్ పోతుంది. ఊళ్లో ఎవరింట్లోనైనా ఇంటి మీటరు నుంచి వారానికోసారి ఛార్జ్ చేసుకుని, డబ్బులిచ్చేయండి.

ఎలుకల సంగతి ఎవరూ చెప్పలేదు. నెల రోజులు కదలని బండి వాటికి పెళ్లివారిల్లు. రెండు రోజులకోసారి బానెట్ ఎత్తి చూడండి, వైర్లు కొరికితే బండి స్టార్ట్ కాదు.

నల్లగొండబిడ్డ:
బోరు నీళ్లు స్నానానికి, గిన్నెలకే. మా వైపు ఫ్లోరైడ్ కథ తెలిసిందే కదా. కాచి తాగుదాం అనుకోవద్దు, కాస్తే నీళ్లు తగ్గుతాయి గానీ ఫ్లోరైడ్ పోదు. తాగడానికి, వంటకు ఊళ్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లు క్యాన్లలో తెచ్చుకోండి. బండి కింద రెండు ట్రాక్టర్ల మొరం పోయించండి, ఒక్క వాన పడితే చక్రాలు దిగబడతాయి. ఇక మీ అన్న నోటికి మందు లెక్కల పుస్తకమే. కూలీ ఇచ్చిన రోజే రాసి చిన్నాయనకు వాట్సాప్‌లో పెట్టేయండి.

బండికాపురం:
ఫిబ్రవరిలో మళ్లీ వచ్చా. అందరికీ థాంక్స్. మొరం పోయించాం. ఎలుకలు వైర్లు వదిలేసి వైపర్ నీళ్ల పైపు తిన్నాయి. డిసెంబర్ మూడో వారంలో మా ఆయన బోరు మోటారు స్టార్టర్ దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చాడు. రోజూ మూడో వరుసలో చివరి చెట్టు ఫొటో పంపేవాళ్లం. "ఇంకా ఎండనియ్", మర్నాడు మళ్లీ "ఇంకా ఎండనియ్". జనవరి మొదటి వారంలో ఒకరోజు తెల్లారి లేచేసరికి వాయిస్ మెసేజ్: "ఇగ ఇడువు, పల్చగ ఇడువు."

ఇప్పుడు రాత్రి కిటికీ తీస్తే బండి నిండా పూత వాసనే. పనికొచ్చే అక్క మొదటి రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు, మొన్న పచ్చిపులుసు తెచ్చిపెట్టింది.

బత్తాయిరైతు గారూ, చెట్ల కింద ఆవగింజంత పిందెలు రాలి ఉన్నాయి. చేటతో ఎత్తితే గుప్పెడు వచ్చాయి. ఇది మామూలేనా, నీళ్లు ఎక్కువైపోయాయా?