పొద కొట్టేముందు పచ్చ బల్లుల్ని తరలిస్తే సరిపోతుందా?

కొమ్మచాటు: న్యూజిలాండ్‌ ఒటాగో ద్వీపకల్పంలో జ్యువెల్డ్ గెకో అనే పచ్చ బల్లి ఎక్కువగా కోప్రోస్మా అనే చిన్న ఆకుల పొదల్లో బతుకుతుంది. దారికో కట్టడానికో ఆ పొద తీయక తప్పదంటే, 1953 వన్యప్రాణి చట్టం కింద అనుమతి తీసుకుని బల్లుల్ని పట్టి మరోచోట వదలడమే మేలని నా వాదన. పొదతో పాటు చంపుకోవడం కన్నా నయం కదా.

ఆకుపచ్చ: పట్టడం అంత తేలిక కాదండీ. ఇది పగటి బల్లి. చల్లటి ఎండ పొద్దున పొద పైఅంచున ఎండ కాగుతుంది, గాలి లేచినా ఎండ మండినా లోపలికి జారిపోతుంది. ఒక్కసారి వెతికి "లేవు" అని రాసేస్తే అది తప్పుడు లెక్క. ముందు దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడాలి, తర్వాత దగ్గరికెళ్లి కొమ్మ కొమ్మా చూడాలి, వాతావరణం అనువైన రోజుల్లో మళ్లీ మళ్లీ రావాలి. అప్పుడు కూడా కొన్ని మిగిలిపోతాయి.

కొమ్మచాటు: ఒప్పుకుంటాను. అందుకే పొదను యంత్రంతో ఒక్క ఊపున పెకలించకూడదు. కొమ్మ కొమ్మా చేత్తో కోసి, ప్రతిదాన్నీ తిప్పి చూసి పక్కన పెట్టాలి.

తీగమల్లె: దొరికినదాన్ని లాగొద్దు. తోకతో రెమ్మను చుట్టుకుని పట్టుకుంటుంది, ముందు ఆ చుట్టు విప్పాలి. వీపు మీది పసుపు, తెలుపు గీతలూ డైమండ్ మచ్చలూ ఏ రెండింటికీ ఒకేలా ఉండవు కాబట్టి పైనుంచి ఫోటో తీస్తే అదే గుర్తింపు కార్డు. గుడ్డ సంచిలో ఒక రెమ్మ వేసి, నీడలో ఉంచి తీసుకెళ్లాలి.

అసలు చిక్కు వదిలాక మొదలవుతుంది. నేరుగా వదిలేస్తే కొత్త చోట నిలవకుండా చెదిరిపోతాయి. డునెడిన్ దగ్గరి ఒరొకొనుయి అభయారణ్యంలో కొన్ని నెలలు ఆవరణలో ఉంచి, తర్వాత తెరిచినవి తక్కువ దూరమే కదిలాయి. ఆవరణ గోడ నున్నగా ఉండాలి, అడుగు నేలలోకి దిగాలి. బయటి కొమ్మ ఒక్కటి ఆనినా అదే వంతెన అవుతుంది.

ఆకుపచ్చ: ఆవరణ మంచిదే, నేను దాన్ని కాదనను. కానీ ఈ బల్లి గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది, అదీ ఏడాదికి మహా అయితే రెండు. ఎలుకలు, పిల్లులు, స్టోట్‌లు (ముంగిసలా కనిపించే చిన్న వేటజంతువులు) ఉన్నచోట వదిలితే ఆ లోటు పూడదు. చిట్టెలుకలకు సందు ఉన్న కంచె కూడా నాకు భరోసా కాదు. దారిని పది మీటర్లు పక్కకు జరిపే వీలుంటే ముందు అదే అడగాలి.

కొమ్మచాటు: ఆ వీలు లేదని తేలినప్పుడే తరలింపు అంటాను. అప్పుడు కూడా కొత్త చోట కోప్రోస్మా ముందే ఒత్తుగా పెరిగి ఉండాలి. మొక్కలు నాటి, ఆ వెంటనే బల్లుల్ని తెచ్చి వదిలే పద్ధతికి నేనూ వ్యతిరేకమే.