మెకాలే ఇంటిపేరులో దాగిన ఓలావ్ ఎవరు?

ప్రశ్న:
1835 నాటి విద్యా నివేదిక పుణ్యమా అని మెకాలే పేరు తెలియని చదువరి మనలో అరుదు. ఆ ఇంటిపేరుకు మూలం స్కాండినేవియా నుంచి వచ్చిన సముద్రయోధులైన వైకింగుల నార్స్ భాషలో ఉందని ఈమధ్య చదివి ఆశ్చర్యపోయాను. ముందున్న ‘మాక్’ స్కాట్లాండ్, ఐర్లండ్‌ల పాత భాష గేలిక్‌లోని మాట కదా, మరి అందులో స్కాండినేవియా ఎక్కడుంది? ఆ ఇంటిపేరు గలవారందరూ ఒకే వంశం వారేనా?

మొదటి జవాబు:
‘మాక్’ అంటే గేలిక్‌లో కొడుకు. ఆ తరువాతి భాగం మాత్రం ‘ఓలావ్’ అనే నార్స్ పేరు. దాని ప్రాచీన రూపాన్ని భాషావేత్తలు ‘అనులైబజ్’గా పునర్నిర్మించి, పూర్వీకుల వారసుడు అని అర్థం చెబుతారు. ఆ పేరులోని ‘న’కారం స్కాండినేవియాలో క్రమంగా జారిపోయింది గాని, 9వ శతాబ్దంలో వైకింగులు ఐర్లండ్‌లో స్థిరపడేనాటికి అనునాసికం ఇంకా వినిపిస్తూ ఉండడం వల్ల, అక్కడి లేఖకులు దానిని ‘అమ్లైబ్’ అని రాసుకున్నారు. స్వదేశంలో చెరిగిపోయిన ధ్వని గుర్తు, అరువు తెచ్చుకున్నవారి రాతలో మిగలడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది.

రెండవ జవాబు:
దీనికి స్థలాన్ని కూడా జోడించాలి. నార్స్ మూలం గల మెకాలేలది స్కాట్లాండ్ పడమటి తీరాన ఉన్న లూయిస్ ద్వీపంలోని ఊయిగ్ ప్రాంతం. లూయిస్‌తో సహా ఈ పడమటి ద్వీపాలు, వాటిని స్కాట్లాండ్‌కు అప్పగించిన 1266 నాటి పెర్త్ ఒప్పందం వరకు నార్వే రాజుల ఏలుబడిలోనే ఉండేవి. ఊయిగ్ అన్న పేరు కూడా అఖాతం అనే అర్థం గల నార్స్ మాట నుంచి వచ్చిందే. వాల్రస్ దంతంతో చెక్కిన 12వ శతాబ్దపు చదరంగం పావులు 1831లో బయటపడింది కూడా ఇక్కడి ఇసుకలోనే. ఈ ద్వీపాలను ఏలి 1237లో మరణించిన ఓలావ్ రాజే తమ మూలపురుషుడని ఆ వంశం వారు చెప్పుకుంటారు, అయితే అది ఐతిహ్యమే తప్ప రుజువైన వంశావళి కాదు.

సందర్భం వచ్చింది గనుక ఒక మాట: మన గ్రామ కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ పుట్టింది ఇదే ద్వీపంలోని స్టోర్నోవేలో. ఆయన ఇంటిపేరు మాత్రం గేలిక్‌దే.

మూడవ జవాబు:
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను. ఇంగ్లీషు వర్ణక్రమం ఒకటైనంత మాత్రాన వంశం ఒకటి కాదు. స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలోని ఆర్డిన్‌కేపుల్ మెకాలేల పేరు ‘అవల్‌గద్’ అనే వేరొక పాత గేలిక్ పేరు నుంచి వచ్చిందని పండితుల అభిప్రాయం. దానికి ఓలావ్‌తో సంబంధం లేదు. ఐర్లండ్‌లోని మెకాలీలలోనూ ఈ రెండు తెగలూ కలగలిసి ఉన్నాయి. అందుచేత ఆ పేరు ఎంత విస్తారంగా ఉందో లెక్కకట్టేవారు అందరినీ వైకింగుల ఖాతాలో వేయడం పొరపాటు. విచిత్రమేమిటంటే, చూడడానికి దూరంగా కనిపించే మెకాలిఫ్ అన్న ఐరిష్ పేరు నిజంగా ఓలావ్ సంతానమే. 1909లో సిక్కు మతంపై ఆరు సంపుటాలు వెలువరించిన మెకాలిఫ్‌ది ఆ ఇంటిపేరే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మరి విద్యా నివేదిక రాసిన మెకాలేది ఏ తెగ?

రెండవ జవాబు ఇచ్చినవారు:
లూయిస్ తెగ. ఆయన ముత్తాత లూయిస్‌ను ఆనుకుని ఉన్న హారిస్‌లో మతాచార్యుడు, పేరు ఆలే. పెదతండ్రి పేరూ ఆలేనే. ‘ఆలే’ అంటే ఓలావే కాబట్టి, వారిద్దరి పూర్తి పేర్లలో ఓలావ్ రెండుసార్లు ఉన్నట్టు.